ఇథాంబుటాల్, దృష్టినాడి: క్షయ చికిత్సలో ఒక మోతాదు చరిత్ర

ఉపోద్ఘాతం

క్షయ చికిత్స చరిత్రను ఆవిష్కరణల వరుసగా చెప్పడం పరిపాటి. 1943లో స్ట్రెప్టోమైసిన్, ఆ తర్వాత కొద్దికాలానికే పాస్, 1952లో ఐసోనియాజిడ్, 1960ల దశకంలో ఇథాంబుటాల్, రిఫాంపిసిన్. ఈ వరుసలో ప్రతి మందూ ఒక విజయమే. అదే వరుసను రోగి శరీరం వైపు నుంచి చదివితే మరొక చరిత్ర కనిపిస్తుంది. స్ట్రెప్టోమైసిన్ వినికిడినీ, శరీరం తూలకుండా నిలిపే నాడినీ దెబ్బతీసింది. రోజుకు పది పన్నెండు గ్రాముల చొప్పున మింగవలసిన పాస్‌ను చాలామంది కడుపు తట్టుకోలేకపోయింది. ఐసోనియాజిడ్ వల్ల కాళ్లూ చేతులూ తిమ్మిరెక్కాయి. పిరిడాక్సిన్ అనే విటమిన్ తోడైన తర్వాతే ఆ బాధ అదుపులోకి వచ్చింది. థయాసెటజోన్ చర్మాన్ని, కొందరిలో ప్రాణాన్నే బలిగొన్నది. ఇథాంబుటాల్ కంటిచూపు మీద పడింది.

మందు చూపును తీయడం వైద్యచరిత్రలో అప్పటికే కొత్త కాదు. క్షయ సూక్ష్మజీవిని 1882లో లోకానికి చూపిన రాబర్ట్ కోఖ్, 1906–07లో విక్టోరియా సరస్సు ప్రాంతంలో నిద్రావ్యాధికి అటాక్సిల్ అనే ఆర్సెనిక్ మందును పెద్ద మోతాదుల్లో ఇచ్చినప్పుడు కొందరు రోగులు శాశ్వతంగా అంధులయ్యారు. అక్కడ మందు దోషం కొంత వాడకం తర్వాత బయటపడింది. ఇథాంబుటాల్ విషయంలో అలా జరగలేదు. మందు పేరు వైద్యపత్రికల్లో కనిపించిన మరుసటి ఏడాదే దాని కంటి దోషం కూడా అచ్చయింది. దాన్ని ఎవరూ దాచలేదు, కాదనలేదు. అయినా అరవై ఏళ్ల తర్వాత కూడా ఆ మందుతో చూపు కోల్పోయినవారు కంటి ఆసుపత్రులకు వస్తూనే ఉన్నారు. తెలిసిన హాని ఇంతకాలం ఎలా కొనసాగిందన్నది ఈ వ్యాసం పరిశీలించే ప్రశ్న. ఇథాంబుటాల్‌కు దక్కిన 'సురక్షితమైన మందు' అనే పేరు ఆ అణువు గుణం కాదు. అది ఒక మోతాదుకు, కొన్ని రోజుల గడువుకు, రోగిని కనిపెట్టి ఉండే ఒక ఏర్పాటుకు కట్టుబడి వచ్చిన పేరు. ఆ షరతులు మారిపోయినా పేరు మాత్రం అలాగే నిలిచిపోయిందని ఇక్కడి ప్రతిపాదన.

పెర్ల్ రివర్ నుంచి వచ్చిన మందు

ఇథాంబుటాల్ న్యూయార్క్ రాష్ట్రంలోని పెర్ల్ రివర్‌లో, అమెరికన్ సయనమిడ్ సంస్థకు చెందిన లెడర్లే ప్రయోగశాలల్లో తయారైంది. తెలుగు పాఠకులకు ఆ చోటు పేరు కొత్త కాదు. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు పరిశోధనలకు నాయకత్వం వహించిన ప్రయోగశాల అదే. ఫోలిక్ ఆమ్లం, ఆరియోమైసిన్, బోదకాలుకు వాడే హెట్రజాన్ అక్కడి నుంచి వచ్చినవే. అయితే సుబ్బారావు 1948లో మరణించారు. ఇథాంబుటాల్ గురించి థామస్, బాన్, విల్కిన్సన్, షెపర్డ్‌లు ప్రకటించినది 1961లో. కనుక దాన్ని ఆయన ఖాతాలో వేయడానికి ఆధారం లేదు. ఆయన నడిపిన సంస్థ అదే పద్ధతిలో, అంటే వేలాది రసాయనాలను వరుసగా జంతువుల మీద పరీక్షించి వడపోసే పద్ధతిలో, ముందుకు సాగిందని మాత్రం చెప్పవచ్చు.

ఆ వడపోతలో ఇథిలీన్ డయమిన్ వర్గానికి చెందిన ఒక పదార్థం క్షయ సోకిన ఎలుకలను కాపాడింది. దాని చుట్టూ అనేక రూపాంతరాలు తయారుచేసి, చివరకు ఒకదాన్ని ఎంచుకున్నారు. ఈ అణువుకు అద్దంలోని ప్రతిబింబంలా ఎడమ, కుడి రూపాలు ఉంటాయి. క్షయ మీద పనిచేసేది కుడి రూపమే. ఎడమ రూపం శక్తి దానిలో కొన్ని వందల వంతుల్లో ఒకటి. ఈ సంగతికి తర్వాతి చరిత్రలో ప్రాముఖ్యం ఉంది. రెండు రూపాలూ కలిసిన మిశ్రమాన్ని ఇస్తే, పనికిరాని సగాన్ని కూడా రోగి శరీరం మోయవలసి వస్తుంది.

మందు ఎలా పనిచేస్తుందో ఆనాటికి తెలియదు. క్షయ సూక్ష్మజీవి తన గోడను కట్టుకోవడానికి వాడే అరబినోజ్ చక్కెర గొలుసులను ఇథాంబుటాల్ అడ్డుకుంటుందని 1980ల చివరి పరిశోధనలతో స్థిరపడింది. మనిషి కణానికి అలాంటి గోడ లేదు. అందువల్ల మనిషికి హాని ఉండకూడదని తర్కం చెబుతుంది. కానీ ఈ అణువుకు రాగి, జింకు వంటి లోహాలను పట్టుకునే గుణం ఉంది. కణంలో శక్తిని తయారుచేసే మైటోకాండ్రియా పనికి ఆ లోహాలు కావాలి. రెటీనా నుంచి మెదడుకు సమాచారం మోసే నాడీకణాలు, ముఖ్యంగా నడిమి చూపుకు సంబంధించిన సన్నని తంతువులు, నిరంతరం ఎక్కువ శక్తిని ఖర్చుచేస్తాయి. శక్తి తగ్గితే మొదట దెబ్బతినేది అవే. నేడు ఎక్కువమంది అంగీకరించే వివరణ ఇది. పూర్తిగా తేలిన విషయం మాత్రం కాదు.

మోతాదు బేరం

1962లో అమెరికన్ కంటి వైద్యులు కార్, హెంకిండ్ ఈ కొత్త మందు తీసుకున్న క్షయ రోగుల్లో చూపు మందగించడాన్ని వర్ణించారు. ఆ తొలినాళ్లలో ఇచ్చిన మోతాదులు నేటి లెక్కలో భయం గొలిపేవి. రోజుకు, శరీర బరువులో కిలోకు 60 నుంచి 100 మిల్లీగ్రాముల వరకు ఇచ్చారు. నేడు ఇచ్చేది 15 నుంచి 20 పరిధిలోనే.

ఇక్కడ కాలసందర్భాన్ని గుర్తుంచుకోవాలి. థాలిడోమైడ్ విషాదం వెల్లడై ఆ మందు మార్కెట్ నుంచి వెనక్కు పోయింది 1961 చివరలోనే. అమెరికాలో మందుల అనుమతి చట్టం 1962లో కఠినమైంది. కంటిచూపు తీస్తుందని అప్పటికే అచ్చయిన మందు ఆ వాతావరణంలో కూడా బతికి, 1967లో అనుమతి పొందడం యాదృచ్ఛికం కాదు. పాస్‌ను మింగలేక చికిత్స మానేసే రోగుల సమస్య అంత పెద్దది. ఐసోనియాజిడ్ ఒక్కటే ఇస్తే సూక్ష్మజీవి దానికి అలవాటు పడిపోతుంది. తోడుగా మరొక మందు ఉండితీరాలి. ఆ తోడు మందు రోజుకు ఒకసారి వేసుకునే మాత్ర అయితే చికిత్స మొత్తం నిలబడుతుంది. కనుక వైద్యులు ఇథాంబుటాల్‌ను వదులుకోలేదు. మోతాదు తగ్గించి అట్టిపెట్టుకున్నారు.

ఆ తగ్గింపుకు లెక్క 1966లో వచ్చింది. న్యూయార్క్ అకాడమీ ఆఫ్ సైన్సెస్ వార్షిక సంపుటిలో లీబోల్డ్ ప్రచురించిన పత్రం కంటి హానికీ మోతాదుకూ ఉన్న సంబంధాన్ని చూపింది. హానిని ఆయన రెండు తీరులుగా విడదీశాడు. ఒకటి నడిమి చూపును, రంగుల తేడాను పోగొట్టేది. మరొకటి చూపు పదును బాగానే ఉంచి, అంచులను కుదించేది. తర్వాతి వైద్యగ్రంథాల్లో ఒక లెక్క పదేపదే కనిపిస్తుంది. కిలోకు 35 మిల్లీగ్రాములు దాటితే సుమారు 18 శాతం మందిలో, 25 దగ్గర 5, 6 శాతం మందిలో, 15 దగ్గర ఒక శాతం లోపు రోగుల్లో కంటి హాని. వైద్య విద్యార్థులు తరతరాలుగా వల్లెవేసిన మెట్లు ఇవి. ఈ అంకెలు చిన్న రోగసమూహాల మీద ఆధారపడ్డవి. ఏది హాని అన్నది కూడా పరీక్షించే తీరును బట్టి మారుతుంది. రంగుల పటం చూపి అడిగితే ఒక సంఖ్య, రోగి తానుగా చెప్పేవరకు ఆగితే మరొక సంఖ్య. అయినా 'కిలోకు 15' అన్న మాట ఒక కంచెలా నిలిచింది. కంచెకు ఇవతల ఉన్నంతసేపు భయం లేదన్న నమ్మకం దానితోపాటే స్థిరపడింది.

హాని స్వభావం ఆ నమ్మకాన్ని మరింత బలపరిచింది. ఇథాంబుటాల్ వల్ల కంటికి నొప్పి ఉండదు, ఎరుపెక్కదు. చాలామందిలో రెండు మూడు నెలలు గడిచాక, రెండు కళ్లలోనూ ఒకేసారి, నెమ్మదిగా చూపు మసకబారుతుంది. ఎరుపు, ఆకుపచ్చల తేడా తొలుత చెదురుతుంది. ఆ దశలో వైద్యుడు పరికరంతో కంటి లోపలికి చూస్తే నాడి తల మామూలుగానే కనిపించవచ్చు. ఇలాంటి జబ్బుల గురించి కంటి వైద్యుల్లో ఒక పాత ఛలోక్తి ఉంది: రోగికీ ఏమీ కనబడదు, వైద్యుడికీ ఏమీ కనబడదు. నాడి పాలిపోయిందని కంటికి తెలిసే వేళకు కొంత నష్టం తిరిగి రానిదై ఉంటుంది. మందు వెంటనే ఆపితే చాలామందికి నెలల మీద చూపు మెరుగవుతుంది, కొందరికి కాదు. వయసు మీరినవారిలో, మూత్రపిండాలు సరిగా పనిచేయనివారిలో ప్రమాదం ఎక్కువ. మందులో అధికభాగం మూత్రం ద్వారానే బయటకు పోతుంది. ఆ దారి మూసుకుంటే మామూలు మోతాదే రక్తంలో పెద్ద మోతాదవుతుంది.

2013లో వెలువడిన ఒక క్రమబద్ధ సమీక్ష అప్పటివరకు జరిగిన అధ్యయనాలను కలిపి చూసింది. చికిత్స పొందిన ప్రతి వెయ్యిమందిలో 22.5 మందికి ఏదో ఒక మేరకు చూపు తగ్గింది. శాశ్వతంగా తగ్గినది వెయ్యికి 2.3 మందిలో. వెయ్యికి ఇద్దరు అనగానే అది అరుదు అనిపిస్తుంది. భారతదేశంలో 2023లో నమోదైన క్షయ రోగులు సుమారు 25.5 లక్షలు. ఆ నిష్పత్తి ఇక్కడికి అచ్చంగా వర్తిస్తుందని చెప్పలేం గానీ, వర్తిస్తే ప్రతి లక్షకు 230 మంది. 'అరుదు' అన్న మాట అర్థం రోగుల సంఖ్యను బట్టి మారిపోతుంది.

కనిపెట్టి ఉండేవారు ఎవరు?

హానిని తొలిదశలో పట్టుకోవాలంటే రోగిని తరచుగా చూసేవారు ఉండాలి. ఇథాంబుటాల్ రాకముందే ఆ ఏర్పాటు మారడం మొదలైంది. ఇరవయ్యో శతాబ్ది తొలి దశకాల్లో మదనపల్లె దగ్గరి ఆరోగ్యవరం వంటి శానిటోరియాల్లో రోగి నెలల తరబడి వైద్యుల కళ్ల ముందే ఉండేవాడు. 1956లో మద్రాసులో నెలకొల్పిన క్షయ రసాయన చికిత్సా కేంద్రం, ఇంటి దగ్గర ఉండి మందులు వాడినవారికీ శానిటోరియంలో చేరినవారికీ ఫలితాల్లో పెద్ద తేడా లేదని 1959లో నిరూపించింది. ప్రపంచ క్షయ చికిత్సను మార్చిన అధ్యయనమది. మంచం దొరకని లక్షలాది పేదలకు దానివల్ల వైద్యం అందింది. దాని విలువను తగ్గించి చెప్పడం అన్యాయం. అయితే ఆ పోలిక వ్యాధి నయం కావడానికి సంబంధించినది. రోజువారీ పరిశీలన పోవడం వల్ల మందు హానిని గుర్తించడంలో ఏం మారుతుందన్న ప్రశ్న అప్పటి మందులకు అంత ముఖ్యం కాలేదు. పాస్ వాంతిని, ఐసోనియాజిడ్ తిమ్మిరిని రోగి తానే చెప్పగలడు. నొప్పి లేకుండా రెండు కళ్లలోనూ సమానంగా తగ్గే చూపును గుర్తుపట్టడం వేరు. పోల్చుకోవడానికి మంచి కన్ను కూడా మిగలదు.

1990లలో వచ్చిన ప్రత్యక్ష పర్యవేక్షణ విధానం, అందరికీ తెలిసిన పేరుతో డాట్స్, రోగి ముందు మళ్లీ ఒక మనిషిని కూర్చోబెట్టింది. ఆరోగ్య కార్యకర్తో, అంగన్‌వాడీ కార్యకర్తో ఎదురుగా ఉండి మాత్రలు మింగించాలి. విచిత్రమేమంటే ఆ చూపంతా మాత్ర గొంతు దిగిందా లేదా అన్నదాని మీదే. కార్డులో వేసుకున్న మోతాదులకు గళ్లున్నాయి. కంటిచూపుకు ప్రత్యేకమైన గడి లేదు. కళ్లు మసకబారితే చెప్పమని రోగికి చెప్పడమే జాగ్రత్తగా మిగిలింది. హానిని కనిపెట్టే బాధ్యత అలా క్రమంగా వైద్యుడి నుంచి రోగికి బదిలీ అయింది. చదవడం రానివాడికి అక్షరాలు మసకబారడం తెలియదు. నేతగాడికి, దర్జీకి దారాల రంగు తేడా ముందే తెలుస్తుంది. కూలికి వెళ్లేవాడికి చాలా ఆలస్యంగా తెలుస్తుంది. తెలిసినా చాలామంది దాన్ని నీరసానికో, వయసుకో ముడిపెడతారు.

పిల్లల విషయంలో ఈ చిక్కును వైద్యలోకం చాలాకాలం క్రితమే గుర్తించింది. చూపు తగ్గిందని చెప్పలేని వయసు గనుక చిన్నపిల్లలకు ఇథాంబుటాల్ ఇవ్వడానికి దశాబ్దాల పాటు జంకింది. తర్వాత 3,811 మంది పిల్లల వివరాలను సమీక్షిస్తే కంటి హాని అనుమానంతో మందు ఆపవలసి వచ్చినది ఇద్దరికే అని తేలింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2006లో పిల్లలకు కిలోకు 20 మిల్లీగ్రాముల మోతాదును ఆమోదించింది. చెప్పుకోలేరన్న కారణంగా పిల్లల మీద చూపిన ఈ శ్రద్ధ, చెప్పుకునే అవకాశం అంతగా లేని పెద్దల మీద మాత్రం కనిపించదు.

రెండు నెలల నుంచి ఆరు నెలలకు

రిఫాంపిసిన్, పైరజినమైడ్ వచ్చాక చికిత్స ఆరు నెలలకు కుదిరింది. అందులో ఇథాంబుటాల్‌ది నాలుగో స్థానం. తొలి రెండు నెలలే దానితో పని. హెచ్‌ఐవి వ్యాప్తితో థయాసెటజోన్ ప్రమాదకరమని తేలడం, సూది అవసరమైన స్ట్రెప్టోమైసిన్‌ను తగ్గించాలనుకోవడం వల్ల ఆ స్థానం ఇంకా పదిలమైంది. చాలామందిలో కంటి హాని కనిపించేది రెండు నెలల తర్వాతే. కాబట్టి హాని మొదలయ్యేలోపే మందు ఆగిపోయేది. ఇథాంబుటాల్ మంచిపేరులో పెద్ద వాటా ఈ గడువుదే.

భారత జాతీయ కార్యక్రమంలో కొత్త రోగులకు మందులు వారానికి మూడుసార్లు ఇచ్చేవారు. ఇథాంబుటాల్ ఒక్కొక్క పూటకు 1,200 మిల్లీగ్రాములు. రెండు నెలల్లో 24 పూటలు. తిరగబెట్టిన రోగులకు మాత్రం ఎనిమిది నెలల దాకా ఇచ్చేవారు. వారానికి మూడుసార్ల పద్ధతిలో వ్యాధి తిరగబెట్టడం, ఔషధ నిరోధకత ఏర్పడడం ఎక్కువన్న విమర్శ పెరిగింది. ఒక ప్రజాప్రయోజన వ్యాజ్యంలో సుప్రీంకోర్టు 2017 జనవరిలో రోజువారీ చికిత్సకు మారడానికి తొమ్మిది నెలల గడువు పెట్టింది. ఆ ఏడాది అక్టోబరు చివరికల్లా దేశమంతటా మార్పు వచ్చింది. దానితోపాటే మరొక మార్పు. దేశంలో ఐసోనియాజిడ్‌కు లొంగని క్షయ గణనీయంగా ఉన్నందున, మిగతా నాలుగు నెలల్లోనూ ఇథాంబుటాల్‌ను కొనసాగించాలని నిర్ణయించారు. రెండు నిర్ణయాలకూ బలమైన కారణాలున్నాయి. రిఫాంపిసిన్‌ను ఒంటరిగా వదిలితే అది కూడా చేజారుతుంది. అప్పుడు ఎదురయ్యే బహుళ ఔషధ నిరోధక క్షయ ప్రాణాంతకం.

ఆ నిర్ణయాల మొత్తం ఫలితాన్ని మిల్లీగ్రాముల్లో వేసి చూడాలి. 40 కిలోల రోగి పాత పద్ధతిలో రెండు నెలల్లో 24 పూటలు, పూటకు 1,200 చొప్పున, 28.8 గ్రాముల ఇథాంబుటాల్ తీసుకునేవాడు. కొత్త పద్ధతిలో అదే బరువుకు రోజుకు మూడు మిశ్రమ మాత్రలు. ఒక్కొక్కదానిలో 275 మిల్లీగ్రాములు, అంటే రోజుకు 825, కిలోకు 20.6. మొత్తం 168 రోజులకు 138.6 గ్రాములు. దాదాపు అయిదు రెట్లు. రోజువారీ మోతాదు 'సురక్షితం' అనుకున్న పరిధిలోనే ఉంది. పెరిగింది కాలం, ఎడతెగని వాడకం. కణాలు కోలుకోవడానికి మధ్యలో ఉండే ఖాళీ రోజులు పోయాయి. ఆ ఖాళీకి విలువ ఉండవచ్చని 2005లో వచ్చిన ఒక అమెరికన్ పరిశీలన సూచించింది. క్షయకు దగ్గరిదైన ఏవియం వర్గపు ఊపిరితిత్తుల జబ్బుకు ఇథాంబుటాల్‌ను రోజూ తీసుకున్న 139 మందిలో 8 మందికి కంటి హాని కలిగింది. వారానికి మూడుసార్లు తీసుకున్న 90 మందిలో ఒక్కరికీ కలగలేదు. అది వేరే జబ్బు, చికిత్స కూడా దీర్ఘకాలికం. అయినా ఆ తేడా భారత విధానమార్పుకు పన్నెండేళ్ల ముందే అచ్చులో ఉంది.

మిశ్రమ మాత్ర మరొక చిక్కు తెచ్చింది. నాలుగు మందులు ఒకే బిళ్లలో కలిశాక వాటిలో ఒకటైన ఇథాంబుటాల్‌ను మాత్రమే ఆపడానికి వీలులేదు. చూపు తగ్గిందని అనుమానం వస్తే మొత్తం బిళ్లను ఆపి, మిగతా మందులను విడివిడిగా సంపాదించాలి. మందు వెంటనే ఆపడమే ఏకైక చికిత్స అయిన చోట ఆ ఆలస్యానికి మూల్యం ఉంటుంది. రోగి మొదట వెళ్లేది క్షయ కేంద్రానికి. హానిని నిర్ధారించేది కంటి విభాగం. మందు మార్చే అధికారం మళ్లీ క్షయ కేంద్రానిది. ఈ మూడు మెట్ల మధ్య గడిచే రోజుల్లో కూడా మాత్ర పడుతూనే ఉంటుంది.

దేశంలోని కంటి వైద్యులు ఈ మార్పును గమనించారు. 2021లో ఇండియన్ జర్నల్ ఆఫ్ ఆప్తాల్మాలజీలో నిపుణుల బృందం ఒకటి ఇథాంబుటాల్ కంటి హాని నివారణ, నిర్ధారణ, నిర్వహణ మీద ఏకాభిప్రాయ పత్రం వెలువరించింది. ఆ మరుసటి సంవత్సరాల్లోనూ భారతీయ రోగుల అనుభవాలు ఆ పత్రికలో వచ్చాయి. క్షయ విధానం ఒక శాఖలో, దాని కంటి పర్యవసానం మరొక శాఖ పత్రికలో నమోదు కావడం ఈ చరిత్రకు కొత్త కాదు. 1962లో కార్, హెంకిండ్‌ల పత్రం కూడా కంటి వైద్యుల పత్రికలోనే వచ్చింది.

లినెజోలిడ్: అదే దారి

ఔషధ నిరోధక క్షయకు ఇప్పుడు లినెజోలిడ్ కీలకం. అది వేరే వర్గపు మందు, మైటోకాండ్రియాలో ప్రోటీన్ల తయారీని అడ్డుకుంటుంది. దెబ్బ మాత్రం మళ్లీ దృష్టినాడికే. బెడాక్విలిన్, ప్రెటోమానిడ్‌లతో కలిపి రోజుకు 1,200 మిల్లీగ్రాముల లినెజోలిడ్ ఇచ్చిన చికిత్స 2020లో గొప్ప ఫలితాలు చూపింది, తీవ్రమైన నాడీ హానితోపాటు. 2022లో వెలువడిన జెనిక్స్ పరీక్షలో 181 మందిని నాలుగు సమూహాలుగా చేసి మోతాదును, గడువును తగ్గించి చూశారు. 1,200 చొప్పున 26 వారాలు తీసుకున్న సమూహంలో నలుగురికి దృష్టినాడి దెబ్బతింది. మందు విషయంలో తీసుకున్న జాగ్రత్తలతో వారు కోలుకున్నారు. మిగిలిన మూడు సమూహాల్లో ఒక్కరికీ ఆ హాని కలగలేదు. 600 మిల్లీగ్రాములతో 26 వారాల చికిత్స నిలబడింది. 1960లలో ఇథాంబుటాల్ నడిచిన దారి ఇదే: హాని కనిపించింది, మోతాదు తగ్గింది, మందు నిలిచింది. తేడా ఒకటుంది. ఈసారి తగ్గింపు నియంత్రిత పరీక్షలో, నెలనెలా చూపు పరీక్షిస్తూ తేలింది. మాక్సిఫ్లాక్ససిన్ కూడా కలిసిన ఈ చికిత్సాక్రమాన్ని భారత ఆరోగ్య మంత్రిత్వ శాఖ 2024 సెప్టెంబరులో ఆమోదించింది. ఆ పరీక్షలో రోగులకు దక్కిన కంటి తనిఖీ జిల్లా కేంద్రంలోని రోగికి ఎంతవరకు దక్కుతుందన్నది ఆమోదపత్రంతో తేలే విషయం కాదు.

తనిఖీకి కావలసిన సామగ్రి గొప్పదేమీ కాదు. ఆరు మీటర్ల దూరంలో వేలాడే అక్షరాల పటం, రంగు చుక్కల పలకలు. జపాన్ వైద్యుడు షినోబు ఇషిహర ఆ పలకలను 1917లో ప్రచురించాడు, అంటే ఇథాంబుటాల్ పుట్టడానికి నలభై నాలుగేళ్ల ముందు. అంకెలు గుర్తుపట్టలేనివారి కోసం వాటిలో కొన్ని పలకలు వేరుగా ఉన్నాయి. వాటిలో రంగు చుక్కల మధ్య ఒక వంకర దారి ఉంటుంది. వేలితో దాని వెంట గీస్తూ పోతే చాలు.